తోసే ద్వారం: రియాక్టివ్ ప్రవాహాల్లోకి ఘటనల ప్రవేశం – చారిత్రక పరిశీలన (1973–2020)

వ్యాససంగ్రహం

కాలక్రమంలో ఒకదాని వెంట ఒకటి వచ్చే ఘటనలను ఒక ప్రవాహంగా భావించి, ఆ ప్రవాహం మీద ప్రోగ్రాము రాసే పద్ధతిని రియాక్టివ్ ప్రోగ్రామింగ్ అంటారు. ఈ పద్ధతి చరిత్రను సాధారణంగా ‘తోయడం’ నుంచి ‘లాగడం’ వైపు జరిగిన ప్రయాణంగా చెబుతారు. ఆ కథనం అసంపూర్ణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. బయటి కోడు ఒక విలువను ప్రవాహంలోకి తోసే ద్వారం ఏ దశలోనూ మూతపడలేదు. మారింది ఒక్కటే: తోసిన కోడుకు జవాబు వస్తుందా, రాదా అన్నది. యూనిక్స్ పైపు, పరిశీలక నమూనా, ఫ్రాన్, రియాక్టివ్ ఎక్స్‌టెన్షన్స్, రియాక్టివ్ స్ట్రీమ్స్ నిర్దేశం, రియాక్టర్ సింక్‌లు అనే వరుసలో ఈ మార్పును పరిశీలించడం వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: రియాక్టివ్ ప్రోగ్రామింగ్, ఘటన, ప్రవాహం, పరిశీలక నమూనా, సబ్జెక్ట్, బ్యాక్‌ప్రెషర్, సింక్.

1. ఉపోద్ఘాతం

ఒక ప్రోగ్రాముకు విలువ రెండు విధాలుగా అందుతుంది. మొదటిది, ప్రోగ్రామే వెళ్లి అడగడం. ఫైలులోని తర్వాతి పంక్తిని చదవడం ఇలాంటిదే. చదివేవాడు అడిగినప్పుడే పంక్తి వస్తుంది, అడగకపోతే అది ఫైలులోనే ఉంటుంది. రెండవది, ఎవరూ అడగకుండానే విలువ వచ్చి పడడం. మౌస్ నొక్కు, కీబోర్డు మీద అక్షరం, ఉష్ణమాపకం పంపిన అంకె, మార్కెట్‌లో మారిన షేరు ధర ఈ కోవలోవి. వీటి రాకను నిర్ణయించేది బయటి ప్రపంచం. ప్రోగ్రాము తీరికగా ఉందో లేదో ఆ ప్రపంచానికి పట్టదు.

రియాక్టివ్ ప్రోగ్రామింగ్ ఈ రెండవ రకం విలువలను కాలసూత్రానికి గుచ్చిన వరుసగా చూస్తుంది. ఆ వరుసను వడకట్టవచ్చు, రూపం మార్చవచ్చు, మరో వరుసతో కలపవచ్చు. అయితే ఘటన పుట్టుకతోనే ప్రవాహంలో ఉండదు. ఒక బటన్‌కు తగిలించిన ఫంక్షనో, నెట్‌వర్క్ నుంచి సందేశం అందుకున్న ఫంక్షనో దానిని చేతితో తీసుకొని ప్రవాహంలో వేయాలి. ప్రవాహం లోపల ఎంత క్రమశిక్షణ ఉన్నా, ఈ ప్రవేశబిందువు దగ్గర సాధారణ కోడు, దాని తొందర, దాని పొరపాట్లు ఉంటాయి. ఈ వ్యాసం ఆ ప్రవేశబిందువు చరిత్రకే పరిమితం.

మన చెరువుల నిర్మాణం ఈ సమస్యను అర్థం చేసుకోవడానికి ఉపకరిస్తుంది. తూము ద్వారా పొలానికి వెళ్లే నీరు అవసరాన్ని బట్టి వెళుతుంది. వాగు ద్వారా చెరువులోకి వచ్చే నీరు వానను బట్టి వస్తుంది. ఈ రెండింటికీ పొంతన ఉండదని తెలిసే, కట్టినవారు అలుగు పెట్టారు. ఎక్కువైన నీరు ఎటు పోవాలో ముందే నిర్ణయించకపోతే, కట్ట తెగినప్పుడు నీరే నిర్ణయిస్తుంది. సాఫ్ట్‌వేర్ ప్రవాహాలకు అలుగు అవసరమన్న ఎరుక కలగడానికి చాలా కాలం పట్టింది.

2. యూనిక్స్ పైపు: ఆగడమే జవాబు

ప్రోగ్రాములను గొట్టాల్లా ఒకదానికొకటి తగిలించే వీలు ఉండాలని డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్ 1964లో బెల్ ల్యాబ్స్‌లో ఒక లేఖనంలో సూచించారు. 1973లో కెన్ థాంప్సన్ యూనిక్స్‌లో పైపును అమలు చేయడంతో ఆ సూచన కార్యరూపం దాల్చింది. ఒక ప్రోగ్రాము రాసింది మరొక ప్రోగ్రాము చదువుతుంది. రెండింటి మధ్య పరిమిత పరిమాణం గల నిల్వ ఉంటుంది.

ఈ వ్యాసానికి ముఖ్యమైనది ఆ నిల్వ నిండినప్పుడు జరిగేది. రాసే ప్రోగ్రాము అక్కడే నిలిచిపోతుంది. చదివేవాడు కొంత ఖాళీ చేశాకే ముందుకు కదులుతుంది. నిల్వ ఖాళీ అయితే చదివే ప్రోగ్రాము ఆగుతుంది. ఎవరూ ఎవరికీ ప్రత్యేకంగా సంకేతం పంపనక్కర్లేదు. ఆగడమే జవాబు. తర్వాతి కాలంలో ‘బ్యాక్‌ప్రెషర్’ అన్న పేరుతో చర్చించిన గుణం, అంటే దిగువ నుంచి ఎగువకు చేరే ఎదురు ఒత్తిడి, పైపులో అప్పటికే ఉంది.

దీనికి ఒక షరతు ఉంది. రాసేవాడిని ఆపగలిగినప్పుడే ఈ పద్ధతి పనిచేస్తుంది. ఫైలును చదివి పంపే ప్రోగ్రామును ఆపవచ్చు. మనిషి చేతిలోని మౌస్‌ను ఆపలేం. తెరను గీసే పనికీ నొక్కులను అందుకునే పనికీ ఒకే త్రెడ్ ఉన్నప్పుడు, అది ఆగితే తెర మొత్తం బిగుసుకుపోతుంది. బొమ్మల తెరలు వచ్చాక పైపు ఇచ్చిన జవాబు చాలకపోవడానికి ఇదే కారణం.

3. పరిశీలక నమూనా: జవాబు లేని పిలుపు

1978–79లో జిరాక్స్ పార్క్ పరిశోధనాలయంలో ట్రిగ్వే రీన్స్‌కౌగ్ మోడల్–వ్యూ–కంట్రోలర్ అనే విభజనను రూపొందించారు. సమాచారం మారినప్పుడు దానిని చూపించే భాగాలకు కబురు అందాలి. స్మాల్‌టాక్‌లో ఒక వస్తువు తన మీద ఆధారపడిన వస్తువుల జాబితా ఉంచుకొని, తాను మారినట్లు వాటికి తెలియజేసే ఏర్పాటు ఇందుకు తోడ్పడింది. 1994లో ఎరిక్ గామా, రిచర్డ్ హెల్మ్, రాల్ఫ్ జాన్సన్, జాన్ వ్లిసిడీస్ వెలువరించిన ‘డిజైన్ ప్యాటర్న్స్’ గ్రంథం ఈ ఏర్పాటుకు ‘అబ్జర్వర్’ అన్న పేరును స్థిరపరచింది. ఆ గ్రంథంలోని 23 నమూనాల్లో ఇది ఒకటి. అందులోనే ‘ఇటరేటర్’ కూడా ఉంది. ఒక సముదాయంలోని విలువలను ఒక్కొక్కటిగా అడిగి తీసుకునే నమూనా అది. ఈ రెండింటికీ ఉన్న బంధుత్వం అప్పట్లో చర్చకు రాలేదు.

పరిశీలక నమూనాలో కబురు పంపడమంటే ఒక ఫంక్షన్‌ను పిలవడమే. ఆ ఫంక్షన్ ఏ విలువనూ తిరిగి ఇవ్వదు. విన్నవాడు ఉన్నాడా, వినే స్థితిలో ఉన్నాడా, విన్నది అర్థమైందా అన్నది పంపినవాడికి తెలియదు. ఇక కబుర్లు ఎప్పుడు ముగిశాయో, మధ్యలో ఏదైనా విఫలమైందో చెప్పే మార్గమూ నమూనాలో లేదు.

ఇలాంటి కోడు పెరిగినకొద్దీ కలిగే నష్టాన్ని లోజాన్‌లోని సాంకేతిక విశ్వవిద్యాలయంలో మార్టిన్ ఒడెర్‌స్కీ, ఆయన సహచరులు 2010లో ఒక పత్రంలో చర్చించారు. పరిశీలక నమూనాకు స్వస్తి పలకాలన్నది ఆ పత్రం వాదం. అడోబీ సంస్థ డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్‌లో మూడో వంతు కోడు ఘటనలను సంబాళించడానికే సరిపోతోందని, నమోదైన దోషాల్లో సగం ఆ కోడులోనే ఉంటున్నాయని అంతకుముందు షాన్ పేరెంట్ ఇచ్చిన లెక్కను వారు ఉటంకించారు. వాదానికి బలం ఆ అంకెల మధ్య ఉన్న తేడాలోనే ఉంది.

4. ఫ్రాన్: ద్వారం లేని ఇల్లు

ఈలోగా మరో మార్గం తెరుచుకుంది. 1997లో కోనల్ ఎలియట్, పాల్ హుడాక్ ‘ఫ్రాన్’ అనే వ్యవస్థను ప్రకటించారు. కదిలే బొమ్మలను హాస్కెల్ భాషలో వర్ణించడం దాని ప్రయోజనం. కాలంతో పాటు ఎడతెగకుండా మారే విలువను వారు ‘బిహేవియర్’ అన్నారు. నిర్దిష్ట క్షణాల్లో సంభవించేదాన్ని ‘ఈవెంట్’ అన్నారు. మౌస్ స్థానం మొదటిదానికి ఉదాహరణ, మౌస్ నొక్కు రెండవదానికి ఉదాహరణ. ఫంక్షనల్ రియాక్టివ్ ప్రోగ్రామింగ్ అనే పరిశోధనా శాఖకు ఇదే ఆరంభం.

ఫ్రాన్ దృష్టిలో ప్రవాహం ఒక గణిత వస్తువు. దాని నిర్వచనంలోనే దాని అర్థం మొత్తం ఉంటుంది. మధ్యలో ఎవరో వచ్చి విలువను తోయడమన్న భావనకు అందులో చోటు లేదు. మౌస్, కీబోర్డు వంటి మూలాలను వ్యవస్థే సిద్ధం చేసి అందిస్తుంది. అయితే భావనలో లేని తోయడం అమలులో తప్పలేదు. మార్పు ఉన్నా లేకపోయినా పదేపదే అడిగి చూసే పద్ధతిలో శ్రమ వృథా అవుతుంది. ఎలియట్ స్వయంగా 2009లో ప్రచురించిన పత్రంలో తోయడం, లాగడం రెండింటినీ జోడించే అమలు విధానాన్ని ప్రతిపాదించారు. సిద్ధాంతం ద్వారాన్ని గోడగా కట్టినా, అమలు వెనుక ఇంకో ద్వారం పెట్టుకోవలసి వచ్చింది.

5. రియాక్టివ్ ఎక్స్‌టెన్షన్స్: ద్వంద్వత, దాని మినహాయింపు

మైక్రోసాఫ్ట్‌లో ఎరిక్ మైయర్ నాయకత్వంలోని బృందం 2009లో రియాక్టివ్ ఎక్స్‌టెన్షన్స్‌ను విడుదల చేసింది. క్లుప్తంగా దానిని ‘ఆర్‌ఎక్స్’ అంటారు. మైయర్ చూపిన విషయం సులభమైనది, లోతైనది కూడా. ఇటరేటర్ నమూనాలోని బాణాలను తిప్పితే పరిశీలక నమూనా వస్తుంది. ఇటరేటర్‌ను అడిగితే మూడింటిలో ఒకటి జరుగుతుంది: తర్వాతి విలువ వస్తుంది, విలువలు అయిపోయాయని తెలుస్తుంది, లేదా దోషం ఎదురవుతుంది. దీన్ని తిప్పితే పరిశీలకుడికి మూడు ఫంక్షన్‌లు కావాలి: ఆన్‌నెక్స్ట్, ఆన్‌కంప్లీటెడ్, ఆన్‌ఎర్రర్. పాత పరిశీలక నమూనాకు లేని ముగింపు, దోషం ఈ ద్వంద్వత వల్లే సమకూరాయి. జాబితాల మీద పనిచేసే వడకట్టడం, రూపం మార్చడం వంటి క్రియలన్నీ ఘటనల మీదా పనిచేయసాగాయి. 2010లో వచ్చిన డాట్‌నెట్ 4లో ఈ నమూనాకు ఆధారమైన రెండు ఇంటర్‌ఫేస్‌లు చేరాయి.

అయితే తిప్పినప్పుడు ఒకటి జారిపోయింది. ఇటరేటర్‌లో వినియోగదారుడే వేగాన్ని నిర్ణయిస్తాడు. అతడు అడగకపోతే ఏదీ రాదు. బాణాలు తిప్పాక ఆ అధికారం ఉత్పత్తిదారుడి చేతికి పోయింది. ఆన్‌నెక్స్ట్ ఏ విలువనూ తిరిగి ఇవ్వదు. ‘ఆగు’ అని చెప్పడానికి ఉన్నది చందా రద్దు చేసుకోవడం ఒక్కటే. అంటే, పూర్తిగా వినడం లేదా పూర్తిగా మానడం.

ఆర్‌ఎక్స్‌లో ప్రవేశద్వారానికి ‘సబ్జెక్ట్’ అని పేరు. అది ఒకే సమయంలో పరిశీలకుడూ, పరిశీలనకు వీలైన ప్రవాహమూ. బయటి కోడు దాని ఆన్‌నెక్స్ట్‌ను పిలుస్తుంది, చందాదారులందరికీ ఆ విలువ చేరుతుంది. నేర్చుకునేవారికి ఇంతకన్నా సులువైన మార్గం కనిపించదు. అందుకే సబ్జెక్ట్ వాడకం విస్తరించింది. మైయర్ మాత్రం దానిని మార్చదగిన చలరాశితో పోల్చి, ఆదరించలేదు. ఎవరి చేతిలో సబ్జెక్ట్ ఉంటే వారు ఎక్కడి నుంచైనా విలువ తోయవచ్చు. రెండు త్రెడ్‌లు ఒకేసారి తోస్తే, ఘటనలు ఒకదాని తర్వాత ఒకటే రావాలన్న ఆర్‌ఎక్స్ ఒప్పందం భంగమవుతుంది. సబ్జెక్ట్ దాన్ని స్వయంగా గమనించదు. వరుస తప్పకుండా చూసే తొడుగును ప్రోగ్రామరే గుర్తుపెట్టుకొని వేయాలి.

6. రియాక్టివ్ స్ట్రీమ్స్: లెక్కించిన అడుగు

2013లో నెట్‌ఫ్లిక్స్ సంస్థ ఆర్‌ఎక్స్‌ను జావాలోకి తెచ్చి ‘ఆర్‌ఎక్స్‌జావా’గా లోకానికి తెలిపింది. ఈ పనికి బెన్ క్రిస్టెన్‌సెన్, జఫర్ హుసేన్ ముఖ్యులు. తెర మీది నొక్కుల నుంచి సర్వర్‌ల మధ్య రాకపోకలకు ప్రవాహాలు విస్తరించడంతో వేగాల అంతరం తీవ్ర సమస్యగా మారింది. ఒక సాధారణ లెక్క చూద్దాం. మూలం సెకనుకు 1,000 ఘటనలు పంపుతోంది, వినియోగదారుడు 900 మాత్రమే సంబాళించగలడు అనుకుందాం. తేడా సెకనుకు నూరే. కాని గంటకు 3,60,000 ఘటనలు నిల్వలో పేరుకుంటాయి. హద్దులేని నిల్వ అంతిమంగా మెమరీని మింగి ప్రోగ్రామును కూల్చుతుంది. హద్దున్న నిల్వ ఏదో ఒకదాన్ని వదలాలి.

2013 చివర నెట్‌ఫ్లిక్స్, పివోటల్, టైప్‌సేఫ్ సంస్థల ఇంజనీర్లు కలిసి రియాక్టివ్ స్ట్రీమ్స్ అనే ఉమ్మడి నిర్దేశానికి పూనుకున్నారు. 2015 ఏప్రిల్‌లో దాని 1.0 రూపం వెలువడింది. అందులో నాలుగే ఇంటర్‌ఫేస్‌లు: పబ్లిషర్, సబ్‌స్క్రైబర్, సబ్‌స్క్రిప్షన్, ప్రాసెసర్. కీలకమైన నియమం సబ్‌స్క్రిప్షన్‌లో ఉంది. చందాదారుడు ‘రిక్వెస్ట్’ అనే ఫంక్షన్ ద్వారా తనకు ఎన్ని విలువలు కావాలో చెబుతాడు. చెప్పిన సంఖ్యను మించి పబ్లిషర్ పంపరాదు. తోయడం అలాగే ఉంది, కాని అది అనుమతికి లోబడింది. ఆర్‌ఎక్స్ బాణాలు తిప్పినప్పుడు జారిపోయిన అధికారం సంఖ్యారూపంలో వినియోగదారుడికి తిరిగి దక్కింది.

ఈ ఘట్టాన్నే చాలామంది కథకు ముగింపుగా భావిస్తారు. ఈ వ్యాసం విభేదించేది ఇక్కడే. రిక్వెస్ట్ నియమం పబ్లిషర్‌ను బంధిస్తుంది. ప్రవాహంలోకి చేతితో తోసే కోడు పబ్లిషర్ కాదు. దానికి రిక్వెస్ట్ వినిపించదు. దిగువన ‘మూడు చాలు’ అన్న మాట ద్వారం దగ్గరికి వచ్చి ఆగిపోతుంది. ద్వారం బయట వాన కురుస్తూనే ఉంటుంది.

7. జవాబు చెప్పే ద్వారాలు

2010–20 దశకంలో పలు వేదికలు ఈ చివరి అడుగును విడివిడిగా వేశాయి. నోడ్ జేఎస్‌లో రాసే ఫంక్షన్ నిజమో అబద్ధమో తిరిగి ఇస్తుంది. అబద్ధం వస్తే నిల్వ నిండిందని అర్థం. ఖాళీ అయ్యాక ‘డ్రెయిన్’ అనే ఘటన వస్తుంది. ఆ జవాబును పట్టించుకోని కోడు రాస్తూ పోవచ్చు, నిల్వ పెరుగుతూ పోతుంది. జవాబు ఉంది కాని, వినాలన్న నిర్బంధం లేదు.

2016లో వచ్చిన ఆర్‌ఎక్స్‌జావా 2 ప్రవాహాలను రెండుగా విడదీసింది. ఎదురు ఒత్తిడి పాటించేది ఫ్లోయబుల్, పాటించనిది అబ్జర్వబుల్. చేతితో ఘటనలు తోసే ఫ్లోయబుల్‌ను సృష్టించేటప్పుడు, మిగులును ఏంచేయాలో అప్పుడే చెప్పాలి: నిల్వ చేయడమా, కొత్తది వదలడమా, తాజాది మాత్రమే ఉంచడమా, దోషంగా ప్రకటించడమా. అలుగు ఎక్కడ ఉండాలో చెప్పకుండా చెరువు కట్టడానికి వీల్లేని ఏర్పాటు ఇది.

2017 సెప్టెంబరులో వచ్చిన జావా 9, నిర్దేశంలోని నాలుగు ఇంటర్‌ఫేస్‌లను ‘ఫ్లో’ పేరిట ప్రామాణిక గ్రంథాలయంలో చేర్చుకుంది. దానితో వచ్చిన సబ్‌మిషన్‌పబ్లిషర్ ఈ చర్చకు చక్కని దృష్టాంతం. అందులో తోయడానికి రెండు మార్గాలు ఉన్నాయి. ‘సబ్‌మిట్’ అంటే నిల్వలో చోటు దొరికేదాకా తోసినవాడు ఆగుతాడు. ఇది యూనిక్స్ పైపు జవాబే. ‘ఆఫర్’ అంటే ఆగడు, లేదా చెప్పినంతసేపే ఆగుతాడు. చోటు లేకపోతే విలువ వదిలేస్తారు, ఎంతమందికి అందలేదో రుణసంఖ్యగా తిరిగి చెబుతారు. ఆగగలిగినవాడికి ఒక జవాబు, ఆగలేనివాడికి వేరొక జవాబు.

స్ప్రింగ్ వ్యవస్థలోని రియాక్టివ్ భాగాలకు పునాదిగా ఉన్న రియాక్టర్ గ్రంథాలయం 2020లో తన 3.4 రూపంలో పాత ప్రాసెసర్‌లను విరమింపజేసి, ‘సింక్’లను ప్రవేశపెట్టింది. ప్రాసెసర్ అంటే సబ్జెక్ట్‌కు దగ్గరి చుట్టం. సింక్‌లో ‘ట్రై ఎమిట్ నెక్స్ట్’ అనే ఫంక్షన్ ప్రతి తోపుకూ ఫలితం తిరిగి ఇస్తుంది. విజయం ఒక రకమే. వైఫల్యాలు మాత్రం పేరుపేరునా ఉన్నాయి: వినేవారు ఎవరూ లేరు, నిల్వ నిండిపోయింది, ప్రవాహం ఇంతకుముందే ముగిసింది, రద్దయింది, లేదా మరొక త్రెడ్ అదే క్షణంలో తోస్తోంది. సబ్జెక్ట్ గమనించని వరుస భంగాన్ని సింక్ గుర్తించి, కారణంతో సహా తిప్పి పంపుతుంది.

అదే ఏడాది కోట్లిన్ కోరుటీన్ల గ్రంథాలయం ‘షేర్డ్‌ఫ్లో’ను తెచ్చింది. అందులో ‘ఎమిట్’ అవసరమైతే ఆగుతుంది, అయితే త్రెడ్‌ను పట్టి ఉంచకుండా ఆగుతుంది. ‘ట్రై ఎమిట్’ ఆగకుండా నిజమో అబద్ధమో చెబుతుంది. ఇక్కడ ఒక సూక్ష్మాంశం గమనార్హం. వినేవారు ఒక్కరూ లేనప్పుడు ట్రై ఎమిట్ ‘నిజం’ అనే చెబుతుంది. తిరిగి వినిపించే నిల్వ లేకపోతే ఆ విలువ అక్కడితో అంతరిస్తుంది. రియాక్టర్ సింక్ అదే సందర్భాన్ని వైఫల్యంగా ప్రకటించగలదు. ఒకరు శ్రోతలేని చోట మాట్లాడటాన్ని సహజమనుకున్నారు, ఇంకొకరు అది పంపినవాడికి తెలియాలనుకున్నారు. జవాబు ఇవ్వాలని ఒప్పుకున్నాక, ఏ జవాబు నిజాయతీ గలదన్నది తర్వాతి ప్రశ్న అయింది.

8. చర్చ

పై వరుసను ఒకచోట చేర్చి చూస్తే మూడు అంశాలు తేలుతాయి. మొదటిది, తోసే ద్వారాన్ని తొలగించే ప్రయత్నాలు నిలవలేదు. ఫ్రాన్ దానిని నిర్వచనం నుంచి తీసివేసింది, మైయర్ నిరుత్సాహపరిచారు. అయినా ప్రతి తరం గ్రంథాలయంలోనూ వేరే పేరుతో అది మళ్లీ కనిపించింది: సబ్జెక్ట్, ప్రాసెసర్, సింక్. దీనిని ప్రోగ్రామర్ల అలసత్వంగా కొట్టిపారేయడం సరికాదు. బయటి ప్రపంచం ప్రోగ్రాము లెక్కను ఎరుగదు కనుక, రెండింటి సరిహద్దు మీద ద్వారం ఉండక తప్పదు.

రెండవది, ఈ చరిత్ర సరళరేఖలా సాగలేదు. 1973 నాటి పైపులో ఉన్న ఎదురు ఒత్తిడి 1994 నాటి పరిశీలక నమూనాలో లేదు. 2009 నాటి ఆర్‌ఎక్స్ ముగింపును, దోషాన్ని సాధించింది కాని దానిని తిరిగి తేలేదు. ఒక సదుపాయం కోసం మరొకటి వదులుకోవడం, వదులుకున్నది నష్టం కలిగించాక దాని కోసం వెతకడం ఇక్కడ కనిపించే క్రమం.

మూడవది, జవాబు బాధ్యతను మార్చుతుంది. ఆన్‌నెక్స్ట్ ఏమీ తిరిగి ఇవ్వనంతకాలం, ఘటన పోతే అది ఎవరి తప్పూ కాదు. ఎక్కడ పోయిందో వెతకడానికి జాడ కూడా ఉండదు. ఫలితం చేతికి వచ్చాక, దాన్ని చూడకుండా వదిలేయడం తోసిన కోడు చేసిన నిర్ణయం అవుతుంది. మౌస్ కదలికల్లో పది పోయినా నష్టం లేదు. ఒక చెల్లింపు సందేశం పోతే నష్టం ఉంది. ఆ తేడా గ్రంథాలయానికి తెలియదు, తోసేవాడికే తెలుసు. అందువల్ల నిర్ణయం అతడి దగ్గరే ఉండాలి, నిర్ణయించడానికి కావలసిన సమాచారమూ అతడికే అందాలి.

9. ముగింపు

రియాక్టివ్ ప్రవాహాల చరిత్రను తోయడం మీద లాగడం సాధించిన విజయంగా కాక, తోసినవాడికి జవాబు దక్కిన చరిత్రగా చదవడం సమంజసమని ఈ పరిశీలన సూచిస్తోంది. పైపు ఆపి జవాబు చెప్పింది. పరిశీలక నమూనా, ఆర్‌ఎక్స్ సబ్జెక్ట్ మౌనంగా ఉన్నాయి. రియాక్టివ్ స్ట్రీమ్స్ ప్రవాహం లోపల సంఖ్యతో మాట్లాడింది. సబ్‌మిషన్‌పబ్లిషర్, సింక్, షేర్డ్‌ఫ్లో ఆ మాటను ద్వారం వరకు తెచ్చాయి. అయితే ఏ గ్రంథాలయమూ జవాబును వినిపించగలదే గాని, వినిపించుకునేలా చేయలేదు. ట్రై ఎమిట్ ఇచ్చిన ‘అబద్ధం’ను చదవకుండా తర్వాతి పంక్తికి సాగిపోయే కోడు, 1994 నాటి పరిశీలకుడికి కబురు పంపిన కోడు కంటే ఏ మాత్రం ముందుకు వెళ్లినట్లు కాదు. అలుగు కట్టినంత మాత్రాన పని ముగియదు, వానాకాలంలో కట్ట మీద మనిషి కూడా ఉండాలి.